తీగ కుట్లు మానేదాకా

నిన్న సాయంత్రం మా పిల్లికూన తీగ మెడలోంచి కాలర్ తీసేశాను, ఆపరేషన్ కుట్లు నాక్కోకుండా తల చుట్టూ గరాటులా పెట్టేది. తీసీ తియ్యగానే అది చేసిన మొదటి పని చెవి గోక్కోవడం. పన్నెండు రోజులుగా గోరు అందక ఎంత దురద ఓర్చుకుందో, కళ్ళు మూసుకుని, మూతి ఒక పక్కకు లాగి, వెనక్కాలితో తనివితీరా గోక్కుంది. తర్వాత పొట్ట నాక్కోబోయి, ఆగి నావైపు చూసింది. నేనేమీ అనలేదు. కుట్ల చోట సన్నటి గులాబీ గీత ఒక్కటే మిగిలింది. చుట్టూ గొరిగిన చర్మం మీద నూగు మొలుస్తోంది.

మా చెల్లి ఇంట్లో రెండు పిల్లులకు ఎల్లుండి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, తీగకు అయిందీ అదే. "ఇంటికి తెచ్చాక ఏం చెయ్యాలో వివరంగా చెప్పక్కా, నాకు భయంగా ఉంది" అని ఫోన్ చేసింది. ఫోన్లో సగం చెప్పి సగం మర్చిపోయాను. దానికోసమే ఇది రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికొస్తే సంతోషం.

మావి ముగ్గురూ ఒక్క ఈత పిల్లలు. బొగ్గు మగది, చుక్కా తీగా ఆడవి. నాలుగు నెలలు నిండాయి. తూకం వేస్తే బొగ్గు 1.7 కిలోలు, చుక్క 1.5, తీగ 1.2. ఇంత చిన్నవాటికా అని ఇంట్లో అడిగారు. ఆడపిల్లి నాలుగు నెలలకే ఎదకు రావచ్చు, మోసేది తొమ్మిది వారాలే. అన్నాచెల్లెళ్ళని ఒకే గదిలో పెట్టుకుని ఇంకా ఆగడం నాకు మంచిదనిపించలేదు. పైగా మొదటి ఎదకు ముందే చేయిస్తే ఆడపిల్లులకు పెద్దయ్యాక రొమ్ము గడ్డలు వచ్చే ప్రమాదం బాగా తగ్గుతుంది. ఈ ఒక్క కారణం చాలు నాకు.

ఆపరేషన్‌కు ముందు తిండి ఆపే విషయంలో చెల్లి కంగారు పడింది. పెద్ద పిల్లులకైతే ముందు రాత్రి నుంచీ పెట్టొద్దంటారు. కూనల లెక్క వేరు. ఆ చిన్న ఒంట్లో దాచిపెట్టుకున్న శక్తి తక్కువ, ఎక్కువసేపు పస్తుంటే రక్తంలో చక్కెర పడిపోతుంది. మా డాక్టరమ్మ ఆపరేషన్‌కు మూడు గంటల ముందు తలా ఒక చెంచాడు తడి ఆహారం పెట్టమన్నారు, నీళ్ళు ఆపొద్దన్నారు. మీ పిల్ల వయసు, బరువు చెప్పి మీ డాక్టరునే అడగండి. పక్కింటివాళ్ళ పెద్ద పిల్లికి చెప్పిన మాట మీ కూనకు వర్తించదు.

సాయంత్రం మూడు బుట్టల్లో ముగ్గురినీ ఇంటికి తెచ్చాం. ఆ రాత్రి గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మొదటిసారి చూసేవాళ్ళు హడలిపోయేది అప్పుడే.

మత్తు దిగుతున్న పిల్లి కళ్ళు తెరిచే పడుకుంటుంది. రెప్ప సరిగ్గా వెయ్యదు. కంటి లోపలి మూల నుంచి తెల్లటి పొర, మూడో రెప్ప, సగం దాకా వచ్చి ఉంటుంది. తల అటూ ఇటూ ఊగుతుంది. లేచి నాలుగడుగులు వేస్తే వెనక్కాళ్ళు ఒక దారి, ముందుకాళ్ళు ఒక దారి. ఇదంతా మత్తుమందు ప్రభావమే, గంట గంటకీ తగ్గాలి. మనం చెయ్యాల్సింది నేల మీద, మసక వెలుతురులో, చప్పుడు లేని చోట పడుకోబెట్టడం. మంచం మీద వద్దు, దూకబోయి పడిపోతుంది. జాలేసి ఒళ్ళోకి తీసుకోబోతే మనల్ని గుర్తుపట్టక కరవొచ్చు కూడా. చుక్క నా వేలు అలాగే పట్టుకుంది, దాని తప్పు కాదు.

అన్నిటికన్నా ముఖ్యం వెచ్చదనం. మత్తులో ఒళ్ళు తన వేడిని తాను నిలుపుకోలేదు, పైగా పొట్ట మీద వెంట్రుకలు గొరిగేసి ఉంటాయి. పిల్ల ఎంత చిన్నదైతే అంత తొందరగా చల్లబడుతుంది. వేడినీళ్ళు పోసిన సీసాను తువ్వాలులో రెండు చుట్లు చుట్టి బుట్టలో ఒక పక్కనే పెట్టాను. రెండు పక్కలా పెట్టకూడదు. వేడెక్కువైతే జరగడానికి చోటుండాలి, మత్తులో ఉన్న పిల్లకు కాలుతున్నా తెలియదు.

ఇంటికొచ్చిన గంటన్నరకి బొగ్గూ చుక్కా తిన్నాయి. మామూలుగా తినేదాంట్లో పావు వంతే పెట్టాను, కడుపు తిప్పుతుందని. తీగ తినలేదు. రాత్రి పదకొండైంది, ముట్టుకోలేదు. చెవులు పట్టుకు చూస్తే చల్లగా ఉన్నాయి. సీసాలో నీళ్ళు మార్చి, ఆహారం గిన్నెను గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి వాసన లేచేదాకా ఉంచాను. తల తనంతట తాను నిలుపుతోందని చూసుకున్నాక, వేలికొసతో ఇంత తీసి దాని పై పెదవికి రాశాను. ముక్కు ముడిచింది. నాలుక బయటికొచ్చింది, లోపలికి పోయింది, మళ్ళీ వచ్చింది. రెండో వేలు నాకేసింది. మూడోసారికి గిన్నెలోకి వంగింది. అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలాను.

తల వాల్చేసిన పిల్లకు మాత్రం నోట్లో ఏదీ పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒళ్ళు వేలాడేస్తున్నా, వణుకుతున్నా చిక్కటి చక్కెర నీళ్ళు చిగుళ్ళకు కొంచెం రాసి, వెంటనే డాక్టరుకి ఫోన్ చెయ్యాలి.

రాత్రంతా రెండు గంటలకోసారి పెదవి ఎత్తి చిగుళ్ళు చూశాను. గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కితే తెల్లబడి, రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. పాలిపోయి ఉంటే లోపల రక్తస్రావం కావొచ్చు, తెల్లారేదాకా ఆగే పని కాదది. బొగ్గుకి చిగుళ్ళ మీద నల్ల మచ్చలున్నాయి, రంగు తెలియదు. నల్లపిల్లులకు ఇది మామూలే. దానికి నాలుకా, కింది రెప్ప లోపలా చూసుకున్నాను.

ఇంకో సంగతి నేను ముందే తెలుసుకుని ఉంటే బాగుండేది. పొద్దున ఒకే ముద్దగా పడుకున్న అన్నాచెల్లెళ్ళు సాయంత్రం ఒకదాన్ని చూసి ఒకటి బుసకొట్టాయి. బొగ్గు వీపు ధనుస్సులా వంచి, తోక బుసబుసా పొంగించి చుక్క మీదికి వెళ్ళబోయాడు. పిల్లికి చుట్టరికం వాసనలో ఉంటుంది, ముగ్గురికీ ఆసుపత్రి వాసన అంటింది. రాత్రికి ముగ్గురినీ విడిగా పెట్టి, అవి రోజూ పడుకునే పాత దుప్పటితో ఒక్కొక్కదాన్నీ మెల్లగా తుడిచాను. మర్నాడు మధ్యాహ్నానికి బొగ్గు చుక్క నుదురు నాకుతున్నాడు.

మగపిల్లి సంగతి తొందరగా తేలిపోతుంది. రెండు చిన్న గాట్లు, చాలాసార్లు కుట్లు కూడా వెయ్యరు, వాటంతటవే మూసుకుంటాయి. పిల్లి ఒంటికీ రెంటికీ వెళ్ళే ట్రేలో పోసే ఇసకలాంటి లిట్టర్ ఆ గాట్లలో అంటుకుంటుంది కాబట్టి వారం పాటు ట్రేలో చింపిన కాగితాలే వేశాను. ఆపరేషన్ అయ్యాక కూడా వృషణాల తిత్తి కాస్త ఉబ్బి కనిపిస్తే బెంగపడొద్దు, మెల్లగా తగ్గుతుంది. చెల్లి దగ్గరున్న మగది ఎనిమిది నెలలది. నువ్వు ఒకటి గుర్తుపెట్టుకో: ఎదిగిన మగపిల్లికి ఆపరేషన్ అయినా కొన్ని వారాలు పిల్లల్ని పుట్టించే శక్తి మిగిలే ఉంటుంది. ఆపరేషన్ కాని ఆడపిల్లి దరిదాపుల్లోకి నెల దాటేదాకా పంపకు.

ఆడపిల్లుల దగ్గరే అసలు కష్టం. పొట్ట మీద కనిపించేది రెండు సెంటీమీటర్ల గాటే. దాని కింద కండరం పొరను వేరే కుట్టారు, చర్మం కింద ఇంకో వరస. పైచర్మం మూడు నాలుగు రోజుల్లో అతుక్కున్నట్టు కనిపిస్తుంది, లోపలి పొరకు అంతకన్నా చాలా రోజులు పడుతుంది. పిల్లకేమో రెండో రోజు పొద్దున్నే ఆట కావాలి. కూనలు అంత తొందరగా కోలుకుంటాయి, నొప్పి తగ్గిందంటే నయమైనట్టే వాటికి. మనమూ అదే అనుకుంటాం.

మూడేళ్ళ కిందట వెన్నెల అనే మా పిల్లి విషయంలో నేను అదే అనుకున్నాను. నాలుగో రోజు, కాలర్‌తో గోడకు తగిలి తగిలి ఏడుస్తోంది, గాయం చూస్తే శుభ్రంగా ఉంది. ఒక్క రాత్రి హాయిగా పడుకోనీ అని తీసేశాను. తెల్లారి చూస్తే పొట్ట అంతా తడి. చర్మం అంచులు విడిపోయి మధ్యలో ఎర్రగా చీలిక. పిల్లి నాలుక ఆకురాయి లాంటిది, రాత్రంతా నాకితే ఏ కుట్టూ ఆగదు. దానికి మళ్ళీ మత్తు, మళ్ళీ కుట్లు, మళ్ళీ పద్నాలుగు రోజులు. ఆ రోజు నుంచీ అది నన్ను చూసి బల్ల కిందికి దూరడం నేనింకా మర్చిపోలేదు.

అందుకే ఈసారి తీగ ఎంత దీనంగా చూసినా కాలర్ వదల్లేదు. తినేటప్పుడు మాత్రం తీసి, పక్కనే కూర్చుని, తినగానే మళ్ళీ పెట్టేదాన్ని. అంచు ముక్కు దాటి రెండు వేళ్ళయినా బయటికుండాలి, లేకపోతే వంగి అందుకుంటుంది. మెడ దగ్గర ఒక వేలు దూరాలి. లోతు గిన్నెలో తల పట్టదు, పళ్ళెంలో పెట్టండి. మొదటి రోజు వెనక్కి వెనక్కి నడిచింది, రెండో రోజుకి తలెత్తి నడవడం నేర్చుకుంది.

కాలర్ ఉన్నా ఇంకో గండం ఉంది. మూడో రోజు నేను నీళ్ళు తేవడానికి వెళ్ళి వచ్చేలోగా చుక్క వచ్చి తీగ పొట్ట నాకుతోంది, తీగ వెల్లకిలా పడుకుని నాకించుకుంటోంది. దానికి ప్రేమే అది. ఆ పూట నుంచీ నేను ఎదురుగా ఉంటేనే ఇద్దరినీ కలిపాను.

దూకకుండా ఉంచడానికి గదిలోంచి కుర్చీలు తీసేశాను, కిటికీ కింద బల్ల తీసేశాను. నేను ఇంట్లో లేనప్పుడూ, రాత్రుళ్ళూ అర లేని పెద్ద బోను. ఆట మానిపించలేం కాబట్టి ఆట మార్చాను. ఎగిరే ఈకలు దాచేసి, ఆహారాన్ని కాగితం మడతల్లో దాచి వెతుక్కోమన్నాను. వంగి వెతకడంలోనే అరగంట పోయేది. మిగతా సమయం నేనే నేల మీద కూర్చున్నాను, నా పని లాప్‌టాప్ కూడా నేల మీదికే వచ్చింది.

నొప్పి సంగతి ముఖం చెబుతుంది. మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో పిల్లి ముఖంలో నొప్పిని కొలిచే పద్ధతి ఒకటి ప్రచురించారు: చెవులు పక్కలకు వాలడం, కళ్ళు చికిలించడం, మూతి బిగుసుకోవడం, మీసాలు నిటారుగా ముందుకు రావడం, తల భుజాల కన్నా కిందికి దించడం. రెండో రోజు సాయంత్రం చుక్కలో మొదటి మూడూ కనిపించాయి, అయినా గుర్రుగుర్రుమంటోంది. ఆ చప్పుడు వినిపిస్తోంది కదా, హాయిగా ఉందనుకోకండి, నొప్పిలోనూ పిల్లులు గుర్రుమంటాయి. డాక్టరమ్మ బరువు లెక్కన ఇచ్చిన చుక్కల మందు తిండితో పాటు వేస్తే గంటలో చెవులు లేచాయి.

ఇక్కడ చేతులు జోడించి ఒక మాట. ఇంట్లో మనం వేసుకునే పారాసెటమాల్ పిల్లికి ముక్క కూడా ఇవ్వకండి. దాన్ని విరగ్గొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వస్తుంది, చిగుళ్ళు గోధుమ రంగుకు తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి, ఒక్క మాత్రకు ప్రాణం పోవచ్చు. ఐబుప్రొఫెన్ కూడా విషమే. గాయం మీద పైపూతలు వద్దు, స్నానం వద్దు. గది తుడవడానికి ఫినాయిలు కూడా వద్దు, ఆ పాదాలే అది నాక్కుంటుంది. నేను సబ్బు నీళ్ళతో తుడిచి, ఆరాకే వదిలాను.

రోజూ పొద్దునా సాయంత్రం గాయం చూసి, పొద్దుట ఒకే కిటికీ వెలుతురులో ఫోటో తీశాను. అయిదో రోజు తీగ కుట్ల కింద గట్టిగా, చిక్కుడుగింజంత గడ్డ తగిలింది. నా చెయ్యి వణికింది. ఫోటోలు పంపితే డాక్టరమ్మ రమ్మని, నొక్కి చూసి, లోపలి దారం చుట్టూ కట్టిన గట్టిదనం, దారం కరిగేకొద్దీ పోతుంది అన్నారు. "మెత్తగా ఉండి రోజురోజుకీ పెరిగితే, లేదా నొక్కితే లోపలికి పోతే వెంటనే తీసుకురామ్మా" అన్నారు. చీము, వాసన, చుక్కలుగా కారే రక్తం, మర్నాటికి కూడా తినకపోవడం, ఒకటికి రెండుసార్లకు మించి వాంతి, రోజంతా మూత్రం పొయ్యకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఫోన్ చెయ్యడానికి మొహమాటపడొద్దు. ఆ గడ్డ పదో రోజుకి బియ్యపుగింజంత అయింది, నిన్నటికి తడిమితే తగల్లేదు.

చెల్లీ, తీగ కాలర్ నీకు పంపుతున్నాను, మీ ఆడపిల్లి ఇంచుమించు దీనంతే ఉంది కదా. సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టాను. అంచు మీద వరసగా తీగ పంటి గాట్లున్నాయి, అవి గరుగ్గా తగలకుండా గుడ్డ పట్టీ అంటించాను. దాంతో పాటు ఒక సంచి నిండా చింపిన కాగితాలు కూడా పెట్టాను, రెండు రోజులకు సరిపోతాయి.