ఆరుబయట బ్రతికే ఊరు

చీమకుర్తి గ్యాలాక్సీ అనే నల్ల గ్రానైట్ రాయితో పరిచయం ఉన్నవారికి షియామెన్ పేరు కొత్తది కాదు. రామతీర్థం పరిసరాల క్వారీలలో కోసి తీసిన బ్లాకులు ఓడలెక్కి చైనాకు వెళ్ళడం, ఫుజియాన్ రాష్ట్రంలోని షియామెన్ రేవులో దిగి, అక్కడికి దగ్గరలోనే ఉన్న షుయ్‌టౌ పట్టణపు కర్మాగారాలలో పలకలుగా మారడం మా ప్రకాశం జిల్లాలో చాలా కుటుంబాలకు జీవనాధారమైన వ్యవహారం. 2001లో మొదలైన షియామెన్ అంతర్జాతీయ రాతి ప్రదర్శనకు ఒంగోలు, చీమకుర్తి నుంచి వెళ్ళేవారు ఎందరో ఉన్నారు. ఎగుమతి పత్రాల పని చూసే ఉద్యోగినిగా నేను కూడా ఆ ప్రదర్శనకు వెళ్ళి వస్తుంటాను. వెళ్ళి వచ్చినవారిని అడిగితే వంతెనల ఎత్తు గురించి, రైళ్ళ వేగం గురించి చెబుతారు. అవి చూడదగినవే. కానీ నన్ను అంతకంటే ఎక్కువగా ఆకట్టుకున్నది, అక్కడి సామాన్యులు తమ రోజులో చాలా భాగాన్ని ఇంటి బయట, అందరికీ చెందిన చోట్లలో, పెద్దగా ఖర్చేమీ లేకుండా గడపగలగడం, అందుకు తగినట్టుగా ఊరు అమరి ఉండడం.

యున్‌డాంగ్ సరస్సు దగ్గర బైలుజౌ అనే ఉద్యానవనం ఉంది. ఉదయం ఆరు గంటలకు అక్కడికి వెళితే, ఒక మూల తైచీ వ్యాయామం చేసేవారు, ఇంకో మూల రెండు తంతుల ఎర్హు వాయించేవారు, చెట్ల కింద చైనా చదరంగం ఆడేవారు, వారి వెనుక నిలబడి ఎత్తులు చెప్పేవారు కనిపిస్తారు. ఆడేవారు ఇద్దరైతే చూసేవారు పదిమంది. వీరిలో అత్యధికులు వయసు మళ్ళినవారే. దానికి కారణం లేకపోలేదు. చైనాలో చాలాకాలం పాటు పదవీ విరమణ వయస్సు పురుషులకు 60 ఏళ్ళు, స్త్రీలకు ఉద్యోగాన్ని బట్టి 50 లేదా 55 ఏళ్ళుగా ఉండేది. 2025 జనవరి నుంచి మాత్రమే దానిని కొద్దికొద్దిగా పెంచుతూ వస్తున్నారు. అందువల్ల ఒంట్లో ఇంకా శక్తి ఉండగానే తీరిక దొరికిన స్త్రీలు, పురుషులు ప్రతి పేటలోనూ ఉన్నారు. వారు ఆ తీరికను నాలుగు గోడల మధ్య గడపడం లేదు. మనుమలను తోపుడు బండిలో కూర్చోబెట్టుకొని వస్తారు, ఫ్లాస్కులో తేనీరు తెచ్చుకుంటారు, ఎండ ఎక్కేదాకా ఉంటారు. మా ఊళ్ళలో వీధి అరుగు మీద సాగిన జీవితమే అక్కడ ఉద్యానవనంలో సాగుతున్నదని నాకు అనిపించింది. మనకు అపార్టుమెంట్లు వచ్చి అరుగులు పోయాయి, పోయిన అరుగుల స్థానంలో పెద్దవారికి మనం ఏమీ ఇవ్వలేదు. అక్కడ అంతకంటే ఎత్తైన అపార్టుమెంట్లు వచ్చినా, నలుగురూ కూర్చునే చోటు నిలిచింది.

ఆ ఉద్యానవనంలో నేను అన్నిటికంటే ఎక్కువసేపు నిలబడి చూసినది నీటి రాత. కర్ర చివర స్పాంజి కుచ్చు బిగించిన పొడవాటి కుంచెను బక్కెట్టులోని నీటిలో ముంచి, పెద్దాయన ఒకరు నేల మీద పరచిన రాతిపలకలపై పాత పద్యాలను ఒక్కొక్క అక్షరంగా, పలకకు ఒక అక్షరం చొప్పున రాసుకుంటూ వెనక్కి నడుస్తారు. చూసేవారిలో తెలిసినవారు ఒక గీత బాగా వచ్చిందనో, ఇంకో గీత వంగిందనో చెబుతారు. ఆయన ఏమీ నొచ్చుకోకుండా ఆ అక్షరాన్ని మళ్ళీ రాస్తారు. రాతి పనిలో ఉన్నందువల్ల నా చూపు ముందుగా పలక మీదికే పోయింది. పాలిష్ పట్టిన రాయి మీద నీరు జారిపోతుంది, అక్షరం నిలవదు. నడిచేవారి కాలు జారకుండా మంటతో కాల్చి గరుకు చేసిన పలకలు అవి. మా వాళ్ళు దీన్ని ఫ్లేమింగ్ అంటారు. ఆ గరుకుదనం వల్లనే తడి అక్షరం అంచులు చెదరకుండా, ముదురు రంగులో కాసేపు నిలుస్తుంది. కాళ్ళ కింద పరచిన రాయిని ఒక ఊరి పెద్దలు పలకగా వాడుకుంటున్నారని తెలిసినప్పుడు, ఆ రాయి ఎక్కడి క్వారీదైనా సరే, నాకు మనసారా సంతోషం కలిగింది.

సాయంత్రం ఏడు దాటిన తరువాత అదే రాతి ఆవరణలు నృత్యానికి సిద్ధమవుతాయి. యాభై, అరవై ఏళ్ళ స్త్రీలు వరుసలు కట్టి, ఒక స్పీకరు పెట్టుకొని, గంటసేపు చేతులు, కాళ్ళు కలిపి ఆడతారు. ఎవరూ ఎవరినీ పిలవరు. వెనుక వరుసలో నిలబడి చూస్తూ నేర్చుకోవచ్చు, అలసిపోతే పక్కకు వెళ్ళి కూర్చోవచ్చు. దీని వల్ల చుట్టుపక్కల ఇళ్ళవారికి నిద్రాభంగమని చాలా చోట్ల తగాదాలు కూడా వచ్చాయి. 2022 జూన్ నుంచి అమలులోకి వచ్చిన శబ్దకాలుష్య చట్టం ఇటువంటి సామూహిక కార్యక్రమాలకు సమయం, స్థలం, శబ్దస్థాయి విషయంలో హద్దులు పాటించాలని చెబుతోంది. నాకు మాత్రం, మా అమ్మ వయసున్న స్త్రీలు నలుగురిలో సంకోచం లేకుండా నృత్యం చేయడం చూడముచ్చటగా అనిపించింది. అమ్మను ఒక్కసారైనా అక్కడికి తీసుకెళ్ళాలని ఉంది.

రాత్రి నడక గురించి కూడా చెప్పాలి. పదకొండు గంటలకు సముద్రతీరపు దారిలో ఒంటరిగా నడిచే అమ్మాయిలు, చదువు ముగించుకొని ఇళ్ళకు వెళ్ళే విద్యార్థినులు, బల్లల మీద కూర్చొని కబుర్లు చెప్పుకొనే స్నేహితురాళ్ళు అక్కడ మామూలు దృశ్యం. వీధి వీధినా కెమెరాలు ఉన్నాయన్నది నిజమే, ఆ నిఘాపై ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు. అయితే చీకటి పడిన తరువాత వెనుదిరిగి చూసుకోకుండా నడవగలగడం అంటే ఏమిటో నాకు తెలిసింది ఆ దారిలోనే. నేను అక్కడ గడిపే ప్రతి సాయంత్రమూ ఆ నడకకు కొంత సమయం ఉంచుకుంటాను.

మనుషులు ఇంత సేపు బయట ఉండగలగాలంటే చిన్న చిన్న సదుపాయాలు ఎన్నో కావాలి. మొదటిది వేడినీరు. రైల్వేస్టేషన్లలో, విమానాశ్రయాలలో, నడిచే రైలు పెట్టెలలో కూడా మరిగిన నీటి కుళాయి ఉంటుంది. కాచిన నీటినే తాగాలని గత శతాబ్దంలో ప్రజారోగ్య ప్రచారాలు పట్టుబట్టి అలవాటు చేశాయి. ఇప్పుడు ఎండాకాలంలో కూడా వేడినీరే అడిగి తాగుతారు. రెండవది పబ్లిక్ మరుగుదొడ్డి. 2015లో పర్యాటక శాఖ మొదలుపెట్టిన మరుగుదొడ్ల ఉద్యమం తరువాత ఇవి బాగా మెరుగుపడ్డాయని అక్కడి వ్యాపారులు నాతో అన్నారు. నా అనుభవంలో, బజారులో ఎక్కడ ఉన్నా కొద్ది నిమిషాల నడకలో ఒకటి దొరికింది, డబ్బు అడగలేదు. ఒక స్త్రీ రోజంతా ఊరిలో తిరగగలదా లేదా అన్నది దీని మీదే ఆధారపడి ఉంటుందని మన పురపాలక సంఘాలు గుర్తించాలి. మూడవది సైకిలు. షియామెన్‌లో 2017లో బస్సుల వంతెన మార్గాన్ని ఆనుకొని సుమారు 7.6 కిలోమీటర్ల పొడవున, నేలకు ఎత్తుగా, సైకిళ్ళకు మాత్రమే ప్రత్యేకమైన దారి నిర్మించారు. ఫోనుతో తాళం తీసుకొనే అద్దె సైకిలు మీద ఆ దారిలో వెళుతుంటే వాహనాల భయం ఉండదు.

డబ్బు చెల్లింపుల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. అక్కడ కూరగాయల బుట్ట ముందు కూడా వీచాట్, అలీపే అనే ఫోను యాప్‌లతో కోడ్ చూపించి చెల్లిస్తారు, అటువంటి అలవాటు మనకు ఇప్పుడు ఇక్కడే ఉంది. 2023 నుంచి విదేశీ కార్డులను వాటికి జతచేసుకోవడం సులువు కావడంతో ప్రయాణికులకు పాత ఇబ్బంది తగ్గింది.

షుయ్‌టౌలో వ్యాపారం తేనీటి బల్ల దగ్గర జరుగుతుంది. ప్రతి కార్యాలయంలోనూ గుమ్మం దాటగానే కనిపించేది ఆ బల్లే. చాలా చోట్ల అది ఒకే నల్లరాతి పలకతో చేసినది, ఒలికిన నీరు పోవడానికి అందులోనే కాలువ తొలిచి ఉంటుంది. యజమాని స్వయంగా నీరు కాచి, బొటనవేలంత లోతున్న కప్పులను వేడినీటితో కడిగి, ఆన్‌షీ కొండలలో పండే టియెగ్వాన్‌యిన్ ఆకును చిన్న మూతగిన్నెలో వేసి, మొదటి నీటిని పారబోసి, రెండవ నీటి నుంచి అందరికీ పోయడం మొదలుపెడతారు. అదే ఆకుకు మళ్ళీ మళ్ళీ నీరు పోస్తారు. ఒక్కొక్క విడతకూ రుచి మారుతుంది. నాకు మూడవ, నాల్గవ విడతలు ఇష్టం, అప్పటికి పచ్చి వాసన పోయి పూల సువాసన తేలుతుంది. కప్పు నింపినప్పుడు కృతజ్ఞతగా రెండు వేళ్ళతో బల్లను మెల్లగా తట్టాలి. బ్లాకుల్లో పగుళ్ళు, గీతలు, ధర, కొలతలో తరుగు వంటి మాటలు కొన్ని విడతల తరువాత గానీ రావు. ఆ లోపు పిల్లల చదువులు, వర్షాలు, ఆరోగ్యం గురించి మాట్లాడుకోవచ్చు. లారీ డ్రైవరు లోపలికి వస్తే ఆయనకూ ఒక కప్పు జరుపుతారు. ధర విషయంలో గట్టిగా పట్టుబట్టే మనుషులే అయినా, ఆ బల్ల దగ్గర ఎవరినీ తొందరపెట్టగా నేను చూడలేదు.

భోజనం విషయానికి వస్తే, నెల్లూరు, ఒంగోలు వారికి ఫుజియాన్ తీరం ఏమీ పరాయిది కాదు. గాజు తొట్టెలలో ఈదుతున్న చేపను చూపించి వండించుకోవచ్చు. ఆలిచిప్పల మాంసాన్ని చిలగడదుంప పిండిలో కలిపి గుడ్డుతో వేసే అట్టు, వేరుశనగ ముద్దతో చిక్కబరచిన షాచా నూడుల్స్, గంటల తరబడి ఉడికించిన వేరుశనగల తీపి పులుసు షియామెన్ ప్రత్యేకతలు. షాచా మసాలా, ఆగ్నేయాసియాకు వలసవెళ్ళిన ఫుజియాన్ వారి ద్వారా తిరిగివచ్చిన రుచి. మాంసం తినని మిత్రులకు నాన్‌పుటువో బౌద్ధాలయపు శాకాహార భోజనశాల ఉంది. గుండ్రటి బల్ల చుట్టూ కూర్చొని, మధ్యలో తిరిగే పళ్ళెం మీది వంటకాలను అందరూ పంచుకోవడం, పెద్దవారు మొదలుపెట్టేదాకా చిన్నవారు ఆగడం, చివరకు డబ్బు ఎవరు ఇవ్వాలన్న విషయంలో పోటీ పడడం చూస్తే మన పెళ్ళిళ్ళు, పేరంటాలు గుర్తుకు రాక మానవు. మధ్యాహ్న భోజనం తరువాత కార్యాలయాలలో దీపాలు ఆర్పి, మడత మంచాలు వేసుకొని కాసేపు నిద్రపోతారు. ఆ వేళలో ఫోను చేయకపోవడం మర్యాద.

ఒక రోజు ఖాళీ దొరికితే చ్వాన్‌జౌ వెళ్ళాలి. 2023 సెప్టెంబరులో ప్రారంభమైన, గంటకు 350 కిలోమీటర్ల వేగం గల కొత్త రైలు మార్గంలో అది దాదాపు అరగంట ప్రయాణం. అక్కడి కైయువాన్ ఆలయంలో 13వ శతాబ్దంలో రాతితో కట్టిన జంట గోపురాలు 1604 నాటి మహాభూకంపాన్ని తట్టుకొని నిలిచాయి. ప్రధాన మందిరం వెనుక స్తంభాల మీద నరసింహస్వామిని, శ్రీకృష్ణుణ్ణి చూసినప్పుడు నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. అవి ఒకప్పుడు ఆ ఊరిలో ఉండిన హిందూ ఆలయపు స్తంభాలు. దక్షిణాది వర్తకులు కట్టించిన శివాలయానికి సంబంధించిన 1281 నాటి తమిళ శాసనం కూడా ఆ నగరంలోనే దొరికింది. 1244లో మోటుపల్లి రేవులో గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయశాసనం ఇచ్చిన కాలం కూడా ఇంచుమించు అదే కదా! ఇంత చరిత్ర ఉన్న ఆ ఆవరణను తాళం వేసి భద్రపరచలేదు. అగరువత్తులు పట్టుకొని వచ్చే బామ్మలు, చెట్ల నీడన చదువుకొనే పిల్లలు, మధ్యాహ్నం కునుకు తీసే కూలీలు అందరూ అక్కడే ఉంటారు. ఊరి శివారున 1053–1059 మధ్య నిర్మించిన లుయోయాంగ్ వంతెన పునాదులను పట్టి ఉంచడానికి ఆనాటి మేస్త్రీలు రాళ్ళ మధ్య ఆలిచిప్పలను పెంచారు. నేను వెళ్ళిన సాయంత్రం ఆ రాతి వంతెన మీద ఊరివారు షికారు చేస్తున్నారు.

రాతి ప్రదర్శన మార్చిలో జరుగుతుంది కాబట్టి షియామెన్ వారు చైనా పంచాంగం ప్రకారం ఎనిమిదవ నెలలో చేసే పున్నమి పండుగను నేను ఇంకా చూడలేదు. ఆ రోజులలో కుటుంబాలు, కార్యాలయాలు, ఇరుగుపొరుగువారు బల్లల చుట్టూ చేరి, పింగాణీ గిన్నెలో ఆరు పాచికలు వేసి, 63 తీపి రొట్టెలను పందెంగా పెట్టుకొని ఆడతారు. షుయ్‌టౌలో నాకు తేనీరు పోసే ఆమె ఈసారి ఆ నెలలోనే రమ్మని, తమ ఇంటి బల్ల దగ్గర నాకు కూడా చోటు ఉంటుందని చెప్పింది. ఆ నెలకు సెలవు కోసం మా కార్యాలయంలో ఇప్పటికే అడిగి ఉంచాను.