అన్న కోడ్‌కి వారసుడినయ్యాక

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో ఉండే తెలుగు కుర్రాళ్లలో అన్నని ఎరగనివాళ్లు తక్కువ. అనంతపురం మనిషి. ఆఫీసులో నాకు సీనియర్, శనివారాల్లో అందరికీ మాస్టారు. ఉద్యోగాల కోసం కడప నుంచో కర్నూలు నుంచో బస్సు దిగిన పిల్లల్ని కూర్చోబెట్టుకుని పైథాన్ చెప్పేవాడు, ఇంటర్వ్యూలకి తయారు చేసేవాడు. పైసా తీసుకోలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసిన తెలుగుని యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్యాకేజీ ఒకటి రాశాడు. అందులో తేలికైన బగ్గుల్ని తాను ముట్టుకోకుండా కొత్తవాళ్ల కోసం అట్టేపెట్టేవాడు. మేం రాసిన కోడ్‌ని చూసే రివ్యూలో తప్పు కనబడితే "ఏమప్పా, ఈ లైను నాకర్థం కాల్యా, రవ్వంత చెప్పు" అని రాసేవాడు. చెప్పబోతుంటే తప్పు మనకే దొరికేది. పదిమందిలో ఎవరినీ చిన్నబుచ్చని అలాంటి రివ్యూయర్‌ని నేను మళ్లీ చూడలేదు.

నిరుడు గుండెపోటుతో పోయాడు.

కొన్నాళ్లకి ప్యాకేజీ వాడేవాళ్ల ప్రశ్నలు పేరుకుపోయాయి. పాచ్‌లు, అంటే కోడ్‌లో దిద్దుబాట్లు, పంపిన పిల్లలకి జవాబిచ్చే దిక్కు లేదు. అయితే అన్న ఎప్పుడో, కోడ్ ఉంచే గిట్‌హబ్ సైట్ సెట్టింగ్స్‌లో, అకౌంట్ కింద, నన్ను సక్సెసర్‌గా, అంటే తన తర్వాత చూసుకునేవాడిగా, పెట్టి ఉంచాడు. సక్సెసర్‌కి పోయినవారి పాస్‌వర్డ్ ఇవ్వరు, వారి అకౌంట్‌లోకి వెళ్లనివ్వరు. పబ్లిక్ రిపాజిటరీల, అంటే అందరికీ కనిపించే కోడ్ అరల, బాగోగులు మాత్రం చూసుకోవచ్చు, వేరేచోటికి మార్చుకోవచ్చు. మరణ ధృవీకరణ పత్రం చూపిస్తే 7 రోజులు, సంతాప ప్రకటన చూపిస్తే 21 రోజులు ఆగాలి. నేను రెండోదే మేలనుకున్నాను. ఆ మరణ పత్రం పట్టుకుని బ్యాంకుల చుట్టూ తిరుగుతున్న వదినని మళ్లీ దానికోసం అడగడానికి నోరు రాలేదు. సంగతి విని ఆమే ఫోన్ చేసింది. "ఆయన రాసిండేది నిలిచిపోతే ఎట్ల? ఏ కాగితం కావల్లో చెప్పు నాయనా, పంపిస్తా" అంది.

గడువు తీరాక రిపాజిటరీని ఒక ఆర్గనైజేషన్ అకౌంట్‌కి మార్చాను, ఇకమీదట ఒక్కరి పేరు మీదే ఉండిపోకూడదని. ఇష్యూలు, స్టార్‌లు అన్నీ వెంట వచ్చాయి. పాత లింకులు కొత్తచోటికే తీసుకెళ్తున్నాయి.

పైథాన్ ప్యాకేజీలు అందరికీ దొరికే పైపీఐ దగ్గర పని ఇంకా తేలిక. అక్కడ మెయింటెయినర్ కొత్త వెర్షన్ పెట్టగలడు, ఇంకొకరిని చేర్చలేడు. అది ఓనర్ చేతిలో ఉంటుంది. అన్న నన్ను మొదటి విడుదలప్పుడే ఓనర్‌ని చేశాడు. లేకపోతే ప్యాకేజీ చేతులు మారడానికి పైపీఐ పాటించే పెప్ 541 నియమాల దారిన వెళ్లాల్సి వచ్చేది. ఓనర్ అందుబాటులో లేడని తేల్చడానికే అక్కడివాళ్లు ఆరు వారాల్లో కనీసం మూడుసార్లు సంప్రదించి చూడాలి. లేని మనిషికి మెయిళ్లు వెళ్తుంటే నేను తట్టుకోలేకపోయేవాణ్ని.

అన్న సగంలో వదిలిన బ్రాంచ్, అంటే అసలు కోడ్‌కి పక్కన విడిగా రాసుకునే మార్పు, ఒకటుంది. 'సాఫ్ట్‌వేర్' అని రాస్తే ఫ్ట్ పక్కన వే విడిగా నిలబడాలి. మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు లేకపోతే వ కాస్తా ముందున్న ఫ్ట్‌కి ఒత్తుగా చేరిపోతుంది. ఆ నాన్ జాయినర్‌ని ఎక్కడెక్కడ చేర్చాలో ఆయన నియమాలు రాసుకుంటూ ఆగాడు. శనివారం క్లాసుల్లో నేర్చుకున్న అమ్మాయి మిగతాది పూర్తి చేసింది. నేను రివ్యూ చేసి విడుదల చేశాను. ఆ అమ్మాయికీ ఇంకో కుర్రాడికీ ఓనర్ హక్కులిచ్చాను. గిట్‌హబ్‌లో నా సక్సెసర్ ఇప్పుడు ఆ అమ్మాయే.