కోచెల్లా వెలుగులు: పగలు లోపల, రాత్రి బయట

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఏటా జరిగే కోచెల్లా సంగీత ఉత్సవానికి జనం పాటల కోసం వెళ్తారు. 2022 ఏప్రిల్లో నేను వెళ్లింది మాత్రం వెలుగుల కోసం. లాస్ ఏంజెలెస్ నుంచి ఇండియో ఊరు దాదాపు 200 కిలోమీటర్లు. ఉత్సవం జరిగే అక్కడి ఎంపైర్ పోలో క్లబ్ ఎడారి నడుమ పరచుకున్న పచ్చిక మైదానం. పగలంతా మాడ్చేస్తుంది, చీకటి పడితే స్వెట్టర్ వెతుక్కోవాలి.

లైట్లంటే రాత్రే కదా అని చాలామంది ఏడింటి దాకా ఆగుతారు. అలా ఆగితే స్పెక్ట్రా టవర్‌లో సగం పోయినట్టే. బ్రిటన్‌కు చెందిన న్యూసబ్‌స్టెన్స్ స్టూడియో 2018లో ఇక్కడ నిలబెట్టిన ఏడంతస్తుల గుండ్రటి కట్టడం ఇది. చుట్టూ తిరుగుతూ పైకెక్కే వాలుదారి, దాని పొడవునా రంగు కిటికీలు. పగలు ఎండ ఆ కిటికీల్లోంచి లోపలికి పడి మన చొక్కాలూ మొహాలూ రంగు మారిపోతాయి. రాత్రి ఈ లెక్క తిరగబడుతుంది. ఎల్‌ఈడీ లోపల వెలిగితే రంగులు బయటికొస్తాయి, చూడాల్సిన చోటు కింద పచ్చిక. ఏప్రిల్ మధ్యలో సూర్యుడు ఏడుంబావు ప్రాంతంలో దిగుతాడు. ఐదున్నరకే వరుసలో నిలబడితే ఏటవాలు ఎండ దొరుకుతుంది. నడినెత్తి ఎండ కిటికీల్లోంచి లోతుగా రాదు.

ఆ ఏడాది ఆర్కిటెన్షన్స్ అనే ఆర్కిటెక్చర్ స్టూడియో వాళ్లు పెట్టిన ‘ప్లేగ్రౌండ్’ అనే కట్టడంలో నాలుగు టవర్లు. వాటికి డైక్రోయిక్ ఫిల్మ్ తొడిగారు. ఇందులో రంగు పూత ఉండదు. సబ్బు బుడగ మీద రంగులు తిరిగినట్టే, పలుచని పొరల మధ్య కాంతి తరంగాలు ఒకదాన్నొకటి పెంచుకుంటూ, చంపుకుంటూ రంగును పుట్టిస్తాయి. కొంత కాంతి దాటుతుంది, మిగిలింది వెనక్కి తిరుగుతుంది. అందుకే నాలుగడుగులు పక్కకు వేస్తే రంగు మారుతుంది. దీన్ని ఒకేచోట నిలబడి చూడటం దండగ.

లెన్స్ విప్పే కెమెరాలకూ ట్రైపాడ్లకూ అనుమతి లేదు, ఉన్నది ఫోనే. దాంతో మూడు చిక్కులు. రంగు కిటికీ వెనక ఆటో వైట్ బ్యాలెన్స్ (ఫోన్ తనంతట తాను రంగులు సరిదిద్దే ఏర్పాటు) ఆ రంగును లోపమనుకుని తుడిచేస్తుంది, దాన్ని పగటి వెలుగుకు సరిపోయే 5500 కెల్విన్ దగ్గర బిగించాలి. చాలా ఎల్‌ఈడీలను వేగంగా వెలిగించి ఆర్పుతూ కాంతి తగ్గిస్తారు. షట్టర్ వేగం ఎక్కువైతే ఫొటో మీద నల్లచారలు పడతాయి, 1/60 సెకను దగ్గర ఉంచి చూడండి. ఇక నీలం లైట్లు తొందరగా తెల్లబడి వివరం పోగొడతాయి. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ దించితే, అంటే ఫొటోలో పడే కాంతిని సగం చేస్తే చాలు.

గాలి లేస్తే ఇసుక ధూళి కూడా లేస్తుంది. స్టేజి మీది కాంతిపుంజాలు అప్పుడే గీసినట్టు కనపడతాయి. ముక్కుకు గుడ్డ కట్టుకున్నవాళ్లకే ఆ వైభోగం.

చీకట్లో జనం చేరాక ఫోన్ సిగ్నల్ ఆశ వదులుకోవాలి. ఎక్కడ కలవాలో ముందే చెప్పుకోండి. ‘స్పెక్ట్రా కింద’ అంటే కుదరదు, గుండ్రటి కట్టడం కదా, ఎవరి వైపు వాళ్లు నిలబడిపోతారు. లోపలికెళ్లే ద్వారం పక్కన, ఫలానా టైముకు అని ఖాయం చేసుకోండి.