కంపెనీతో పాటు పోయిన ఉత్తరాలు

సీతమ్మధారలో మా అపార్టుమెంటు మెట్ల పక్కన గోడకు బిగించిన ఇంటర్నెట్ పెట్టె మీద మూడు కంపెనీల స్టిక్కర్లు ఒకదాని మీద ఒకటి అంటించి ఉన్నాయి. లోపల కొత్త ఫైబర్ పక్కనే, పాత కంపెనీ వదిలేసిన నల్లటి కేబుల్ చివర టేపు చుట్టి వేలాడుతోంది. మేమెవరమూ కనెక్షన్ మార్చుకోలేదు. మా ప్రమేయం లేకుండానే కంపెనీలు చేతులు మారాయి.

దేశంలో ఇది పాత కథే. 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ అందించడం మొదలుపెట్టిన ప్రభుత్వ సంస్థ విదేశ్ సంచార్ నిగమే 2002లో టాటాల చేతికి వెళ్లి, 2008లో టాటా కమ్యూనికేషన్స్‌గా పేరు మార్చుకుంది. 1998లో ప్రైవేటు రంగాన్ని అనుమతించినప్పుడు, దేశమంతటికీ, ఒక్కో టెలికాం సర్కిల్‌కీ (ఇంచుమించు ఒక్కో రాష్ట్రానికీ), అంతకంటే చిన్న పరిధికీ వేర్వేరు లైసెన్సులు ఉండడంతో చిన్న పెట్టుబడిదారులూ ధైర్యం చేశారు. వారిలో చాలామంది నిలవకపోవడానికి చేతకానితనం కారణమని నేను అనుకోను. ఫోన్ కలిపి ఇంటర్నెట్‌లోకి వెళ్లే డయలప్ రోజుల్లో వినియోగదారుడు వారిని చేరాలంటే చాలావరకు ప్రభుత్వ టెలిఫోన్ లైనే దారి. ఆ లైన్లున్న బీఎస్‌ఎన్‌ఎల్ తానూ ఇంటర్నెట్ అమ్మేది, పైగా 2005లో అదే రాగి తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వసాగింది. ఆ తర్వాత డయలప్‌కు డబ్బు కట్టేవారు కరువయ్యారు. టీవీ కేబుల్ మీద ఇంటర్నెట్ ఇచ్చే సంస్థలను ఫైబర్ ఖర్చు, జియో పోటీ కుదిపేశాయి. హైదరాబాదు ఇంటర్నెట్ సంస్థ బీమ్ టెలికాం, యాక్ట్ అనే మరో ఇంటర్నెట్ కంపెనీలో కలిసింది. హాత్‌వే, డెన్ అనే కేబుల్ సంస్థల్లో మెజారిటీ వాటాలు కొంటున్నట్టు 2018లో రిలయన్స్ ప్రకటించింది.

వ్యాపారాలు కలవడం మీద నాకు అభ్యంతరం లేదు. నన్ను బాధించేది ఈమెయిల్ చిరునామాల సంగతి. మా నాన్నగారు పదవీ విరమణ చేశాక అమెరికాలో ఉన్న మా అక్కకు రాసిన ఉత్తరాలన్నీ అప్పటి డయలప్ కంపెనీ ఇచ్చిన ఖాతాలోనే ఉండేవి. సేవ ఆపేస్తున్నామన్న కబురును ఆ కంపెనీ అదే ఖాతాకు పంపింది. అప్పటికే కళ్లు సరిగా కనబడక ఆయన దాన్ని తెరవడం మానేశారు. గడువు దాటాక ఎంత ప్రాధేయపడినా ఒక్క ఉత్తరమూ తిరిగి రాలేదు.

మొబైల్ నంబరును వేరే కంపెనీకి తీసుకెళ్లే హక్కు దేశమంతటా 2011 జనవరి 20 నుంచి ఉంది. ఈమెయిల్ చిరునామాను అలా తరలించడం కష్టమే, ఎందుకంటే @ గుర్తు తర్వాత ఉండే పేరు కంపెనీ సొత్తు. అయినా, ఖాతాదారులను కొనుక్కునే సంస్థ కనీసం ఏడాది పాటు పాత చిరునామాకు వచ్చే ఉత్తరాలను కొత్తదానికి మళ్లించాలనీ, మూసివేత సంగతిని ఫోనులోనూ తపాలాలోనూ తెలపాలనీ లైసెన్సులో షరతు పెట్టడం అసాధ్యం కాదు. అటువంటి నిబంధన వచ్చేదాకా, బ్యాంకుకు గానీ పింఛను కార్యాలయానికి గానీ ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన మెయిల్ ఇవ్వవద్దని మా అపార్టుమెంటు పెద్దలందరికీ చెబుతున్నాను.