బురుజుపేట గురువారం, తంగేడు పువ్వు

పత్రం పుష్పం ఫలం తోయం యో మే భక్త్యా ప్రయచ్ఛతి
తదహం భక్త్యుపహృతమశ్నామి ప్రయతాత్మనః

గీత తొమ్మిదో అధ్యాయంలో 26వ శ్లోకం ఇది. ఆకైనా, పువ్వైనా, పండైనా, కాసిని నీళ్లైనా ఎవరు భక్తితో ఇస్తే వారిది నేను తింటాను అంటాడు కృష్ణుడు. చిన్నప్పుడే నోటికొచ్చిన శ్లోకం. అందులో ‘యో’, అంటే ‘ఎవరైతే’ అన్న చిన్న మాట దగ్గర నేను ఆగింది మాత్రం పోయిన మార్గశిరంలో, విశాఖ బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి క్యూలో.

మా విశాఖ వాళ్లకి ఆ గుడి గురించి చెప్పక్కర్లేదు. అమ్మవారి మీద పైకప్పు లేదు. ఎండా వానా ఆవిడ మీదే పడతాయి. అమ్మవారికి పసుపూ కుంకుమా ఎవరి చేత్తో వాళ్లే పెట్టవచ్చు, నీ కులమేంటి, గోత్రమేంటి అని అడిగేవాళ్లుండరు. మార్గశిర గురువారాల్లో తెల్లవారకముందే జనం బారులు తీరతారు. ఆ రోజు చామంతులు మండిపోతున్నాయి. బేరమాడి ఒక మూర కొన్నాను, చిన్న దండేనే అని మనసులో గుచ్చుకుంటూనే ఉంది. నా ముందున్న పెద్దావిడ చేతిలో అరిటాకు పొట్లం. విప్పితే తంగేడు పూలు.

‘‘మా ఊరి గట్టు మీద పూసినాయమ్మా. బస్సెక్కే ముందు కోసాను’’ అంది.

ఆ మాట వదల్లేదు. ఆదివారం ఎర్రమట్టి దిబ్బల వైపు వెళ్లినప్పుడు రోడ్డు వార తంగేడు పొద దగ్గర చాలాసేపు కూర్చున్నాను. నిలబడితే నా భుజం దాకా వస్తుందేమో. రాళ్లూ గరపనేలా ఎండా ఉన్నచోటే దీనికి ఇష్టం. ఎవరూ నీళ్లు పోయకపోయినా, నాటకపోయినా బతుకుతుంది. చిక్కుడు, కంది, చింత కుటుంబమే ఇదీ. ఈనెకి రెండు వైపులా జంటలు జంటలుగా చిన్న ఆకులు. ఆకుకాడ మొదట్లో చెవి తమ్మెలా ఉండే రెండు చిన్న రెక్కలుంటాయి. శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులాటాలో ఆరిక్యులాటా అంటే చెవులున్నదని అర్థం. చిన్న రెక్కని వేలితో తిప్పి చూశాను, నిజంగానే ఎవరో చెవి ఒగ్గి వింటున్నట్టు ఉంది.

పువ్వుకి ఐదు రేకులు, పసుపు ముద్దలాంటి రంగు. అందులో తేనె ఉండదు. ఉన్నదల్లా పుప్పొడే, అదీ కేసరాల కొనల్లో సన్న రంధ్రం వెనక దాగి ఉంటుంది. ఒక నల్లటి పెద్ద తుమ్మెద వచ్చి కేసరాల్ని కాళ్లతో పట్టుకుని ఝుమ్మని ఒళ్లంతా వణికించింది. ఆ అదురుకి పుప్పొడి బయటికి రాలింది. నాదం చేస్తేనే లోపలిది బయటికొచ్చే పువ్వు! నామజపం గురించి ఎన్ని ప్రవచనాలు విన్నానో, అంత దగ్గరగా చూసింది అప్పుడే.

అన్నట్టు, పాత తెలుగులో ‘తంగేటి జున్ను’ అనే మాట ఉంది. పొట్టి పొద కాబట్టి దాని కొమ్మకి పట్టిన తేనెపట్టు చేతికందుతుంది, అలా సులువుగా దొరికేదాన్ని అనే మాట. పూలలో తేనె లేని చెట్టు, తేనెపట్టుకి కొమ్మనిస్తుంది.

శ్లోకంలో పత్రం, పుష్పం, ఫలం అన్నీ ఏకవచనాలే. ఒక ఆకు, ఒక పువ్వు, ఒక పండు. తంగేడుకి మూడూ ఉన్నాయి. దీని రొట్టని రైతులు వరిమడిలో తొక్కి ఎరువు చేస్తారు. కాయలు పలచగా కాగితంలా ఉంటాయి. బెరడుతో తోళ్లు పదును చేసేవారు. గట్టు మీద కోసుకుంటే మాత్రం దీనికి ధర లేదు. కొనలేనివాళ్ల కోసమే ఈ శ్లోకం అని ఇన్నాళ్లూ అనుకున్నాను, అది పొరపాటు. కొన్నవాడూ కోసుకొచ్చినవాడూ ఇద్దరూ ఆ ‘యో’లో ఉన్నారు. లెక్కకి వచ్చేది ‘భక్త్యా’ ఒక్కటే. అందుకే భక్తి అన్న మాట శ్లోకంలో రెండుసార్లు పడింది.

ఆ గురువారం నా దండ ఎక్కడ పెట్టానో గుర్తులేదు. పెద్దావిడ పువ్వు మాత్రం గుర్తుంది. అమ్మవారి భుజం మీద తడి పసుపుకి అంటుకుని, వెనకాలావిడ పోసిన బిందెడు నీళ్లకి కూడా జారలేదు.