హౌరా రేటు

మా ఇంట్లో హౌరా ఊరి పేరు కాదు, రేటు పేరు. ఆకివీడు దగ్గర మా పల్లెలో చేపల చెరువు ఉన్న ప్రతి ఇంట్లోనూ తెల్లవారగానే మోగే ఫోను "ఇవాళ హౌరా ఎంతుంది?" అన్న ప్రశ్నతోనే మొదలవుతుంది. కిలోకు నాలుగు రూపాయలు తగ్గిందంటే నాన్నగారు ఆ పూట కాఫీ తాగడం కూడా మరచిపోయేవారు. పెరిగిందంటే మర్నాటికే చేపల పట్టుబడి పెట్టించేవారు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు మా చెరువుల్లో పెరిగి, ప్లాస్టిక్ ట్రేలలో ఐసు పొరల మధ్య సర్దుకుని, లారీ ఎక్కి వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి చేరే ఆ ఊరు ఎలా ఉంటుందో, అక్కడ వాటిని ఎవరు ఎలా వండుకుని తింటారో చూసే అవకాశం నాకు 42 ఏళ్లు వచ్చేదాకా రాలేదు. మొన్న శ్రావణంలో నాలుగు రోజుల సెలవు దొరికినప్పుడు, కోల్‌కతా చూడాలన్న కోరిక కంటే మా చేప వెంట వెళ్లి రావాలన్న కోరికతోనే బయలుదేరాను.

ఏలూరులో రాత్రి ఫలక్‌నుమా ఎక్కితే తెల్లవారేసరికి ఒడిశా సరిహద్దు దగ్గరపడుతుంది. చిలికా సరస్సు పక్కనుంచి రైలు వెళ్తున్నంతసేపూ కొల్లేరే గుర్తుకువచ్చింది. ఖరగ్‌పూర్‌లో ప్లాట్‌ఫారం మీద తెలుగు మాటలు వినిపించడం ఆ దారి తెలిసినవారికి కొత్త కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో కొలువులకు వెళ్లిన మనవాళ్ల కుటుంబాలు అక్కడే స్థిరపడిపోయాయి. మధ్యాహ్నం రైల్లో కొన్న అన్నం పొట్లానికి 130 రూపాయలు తీసుకున్నారు. అందులో కూర అని పెట్టినదాన్ని రెండు ముద్దలు తిని వదిలేశాను. కోల్‌కతాలో ధర్మతలా దగ్గర లాడ్జిలో కిటికీ లేని గదికి రోజుకు 1,800 అన్నారు. ఆ డబ్బుకు మా భీమవరంలో గాలీ వెలుతురూ ఉన్న గది దొరుకుతుందన్న బాధ ఆ రాత్రంతా వదల్లేదు.

మరునాడు తెల్లవారుజామున అయిదింటికే నదికి అవతల ఉన్న హౌరా వెళ్లాను. స్టేషనును ఆనుకునే టోకు చేపల మార్కెట్టు ఉంది. లోపలికి అడుగుపెట్టకముందే, రోడ్డు పక్కన నిలిచి ఉన్న లారీల వరుసలో ఏపీ 37 నంబరు కనిపించింది. పరాయి ఊళ్లో మన జిల్లా నంబరు కనిపిస్తే ఎవరికైనా ప్రాణం లేచివస్తుంది. నాకైతే ఆ లారీ వెనుక తలుపు దగ్గరినుంచి కారుతున్న ఐసు నీళ్లు కూడా మా ఊరి నీళ్లే అనిపించాయి. నేలంతా తడి, తలల మీద బుట్టలతో పరుగెత్తే కూలీలు, అరుపులతో సాగే వేలంపాట. కమీషన్ వ్యాపారులు పాడుతున్న అంకెలు బెంగాలీలో ఉన్నా, నేను చిన్నప్పటినుంచి ఫోనులో వింటున్న రేటు పుట్టే చోటు ఇదేనని గ్రహించి, జనానికి అడ్డం కాకుండా ఒక స్తంభం పక్కన చాలాసేపు నిలబడిపోయాను.

చెరువు దగ్గర ఒక చేప తయారు కావడానికి ఎంత కష్టముందో చూసి పెరిగినవాణ్ని. నూనె తీసిన తవుడును కన్నాలు పెట్టిన గోతాల్లో నింపి, నీళ్లలో పాతిన కర్రలకు వేలాడదీస్తారు. చేపలు వచ్చి ఆ కన్నాలలోంచి మేత లాక్కుని తింటాయి. నీళ్లలో గాలి తగ్గిన రాత్రుళ్లు చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే నాన్నగారు మోటారు వేయించి గట్టు మీదే తెల్లవార్లూ కూర్చునేవారు. 2006లో కొల్లేరు సరస్సులో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తున గీసిన హద్దు) లోపలి చెరువుల గట్లు ప్రభుత్వం తెంచినప్పుడు, మా చెరువు కాంటూరుకు బయట ఉండటం వల్ల మిగిలింది గాని, ఆ నెల మా ఇంట్లో ఎవరూ సరిగా నిద్రపోలేదు. అన్ని రాత్రుళ్లు కాపలా కాచిన చేపను ఇక్కడ ట్రేలోంచి నేల మీదికి ఒక్క ఊపులో గుమ్మరిస్తుంటే నాకు మనసు చివుక్కుమంది.

అక్కడినుంచి మెట్రోలో హుగ్లీ నది కిందుగా ఇవతలికి వచ్చాను. 2024లో మొదలైన ఈ మార్గంలో 520 మీటర్ల నదిని రైలు 45 సెకన్లలో దాటేస్తుంది. తరువాత మాణిక్‌తలా మార్కెట్టుకు వెళ్లాను. అక్కడ చేపలు కోసేవారు పెద్ద కత్తిపీటను కాలితో తొక్కిపట్టి, నిలువుగా వంపు తిరిగి ఉన్న ఆ కత్తికి మూడు కిలోల చేపను ఎదురుగా నెట్టి కోస్తారు. మన ఇళ్లలో కత్తిపీటలు అటకెక్కి ఎన్నాళ్లయిందో! కొనేవాళ్లు మొప్పలు ఎత్తి చూసి, వేలితో నొక్కి చూసి, పొట్ట భాగం ఎంత, వీపు భాగం ఎంత అని బేరమాడుతున్నారు. పొట్ట ముక్కను పేటి అనీ, వీపు ముక్కను గాదా అనీ అంటారట. ఒక చోట వెడల్పాటి సత్తు పళ్లెంలో నీళ్లు పోసి, ప్రాణంతో కదులుతున్న కట్లలను పెట్టారు. కట్ల అంటే మన బొచ్చే. పక్కనే ఐసు మీద అంతకంటే పెద్ద బొచ్చెలు ఉన్నాయి గాని ధర బాగా తక్కువ. ఎందుకని హిందీలో అడిగితే, అమ్మే అతను ఐసు మీది చేపను వేలితో చూపించి "చాలానీ" అన్నాడు. బయటి రాష్ట్రాలనుంచి వచ్చిన చేపకు వాళ్లు పెట్టుకున్న పేరు అది. ఎక్కడినుంచని మళ్లీ అడిగాను. "ఆంధ్రా" అన్నాడు. ఆ ఒక్క మాట అతని నోట వినడానికే ఇంత దూరం వచ్చినట్టయింది. అయితే అతను ఆ మాట అన్న తీరు మాత్రం నాకు నచ్చలేదు.

ఆ నొప్పి మనసులో పెట్టుకునే మధ్యాహ్నం భోజనానికి కాలేజ్ స్ట్రీట్ వెనుక సందులో ఉన్న ఒక పైస్ హోటలుకు వెళ్లాను. రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు ఉన్న కాలంలో, మన పెద్దలు "కానీ" అని పిలిచిన ఆ చిన్న నాణెం లెక్కన పదార్థాలు అమ్మిన పూటకూళ్ల ఇళ్లు ఇవి. 1957లో దశాంశ నాణేలు వచ్చి ఆ పైసా పోయినా పేరు మాత్రం నిలిచింది. గోడకు నల్లబల్ల, దాని మీద సుద్దముక్కతో ఆ రోజు వండిన చేపల పేర్లు, పొడుగు బల్లలు, కొత్తవాళ్లతో భుజం రాసుకుంటూ కూర్చోవలసిన ఇరుకు. చదవడం రాని లిపిలో ఉన్న ఆ బల్లను చూస్తూ నేను తికమకపడుతుంటే, వడ్డించే పెద్దాయన ఒక్కొక్క పేరే నోటితో చదివి వినిపించాడు.

అరిటాకు వేశారు, దానికి డబ్బు. మట్టి గ్లాసు పెట్టారు, దానికి డబ్బు. నిమ్మచెక్క అడిగితే దానికీ వేరుగా మూడు రూపాయలు. రెండోసారి అన్నం పెట్టించుకుంటే ఇంకో పది. మన వైపు భోజన హోటల్లో టోకెను తీసుకున్నాక పప్పు, కూర, పులుసు, పెరుగు ఎంత అడిగితే అంత పెడతారు. వద్దని చెయ్యి అడ్డం పెట్టేదాకా గరిటె ఆగదు. తినేవాడి ముద్దలు లెక్కపెడితే ఇంటికి అరిష్టమని మా నాయనమ్మ అనేది. ఆకు దగ్గరినుంచి నిమ్మచెక్క దాకా ధర కట్టే ఈ పద్ధతి చూసి, ఇంత పెద్ద నగరానికి ఇంత చిన్న మనసేమిటని కోపం వచ్చింది. పైగా వాళ్ల భోజనం చేదుతో మొదలవుతుంది. కాకరకాయ, అరటికాయ, ములక్కాడ, వంకాయ కలిపి, కాస్త పాలు పోసి చేసిన శుక్తో ముందు వడ్డించారు. పప్పూ నెయ్యీతో మొదలుపెట్టి పెరుగుతో ముగించే నాలుకకు అది సులువుగా లొంగలేదు. తరువాత చేప తలకాయ వేసి వండిన పెసరపప్పు వచ్చింది. పప్పులో చేప తలకాయా అని జంకుతూనే కలిపాను గాని, రెండో ముద్దకే రెండోసారి అన్నం అడిగాను.

ఆ తరువాత వచ్చింది కట్ల కాలియా. చేపముక్కకు ఉప్పూ పసుపూ పట్టించి, ఆవనూనెలో వేయించి, ఉల్లి అల్లం మసాలా పులుసులో ఉడికించి, చివర చిటికెడు పంచదార వేసే కూర అది. పేటి ముక్క వేశారు, 130 రూపాయలు. తుంచి నోట్లో పెట్టుకున్నాక కొంతసేపు మింగలేకపోయాను. నిజం చెప్పాలంటే మా ఇంట్లో బొచ్చె వండేవారు కాదు. బురద వాసన అంటుందని అమ్మ దాన్ని వంటింట్లోకి రానిచ్చేది కాదు. చుట్టాలు వస్తే కొరమేను, లేదంటే నరసాపురంనుంచి వచ్చిన సముద్రపు చేప. మేము పెంచే చేపను మేము తినం, అది హౌరాకు పంపించడానికే పుట్టిందన్నట్టు బతికాం. ఇక్కడ ఆవనూనె ఘాటులో వేగిన ఆ ముక్కకు బురద వాసన లేదు. పొట్ట భాగంలో కొవ్వు వెన్నలా కరిగిపోయింది.

పక్కన కూర్చున్న ముసలాయన నా ఆకు వైపు చూసి, ఏ ఊరని ఇంగ్లీషులో పలకరించారు. ఆంధ్ర అని చెప్పగానే నవ్వి, "అయితే ఈ చేప మీదే" అన్నారు. మా నాన్నగారు ఇవే పెంచుతారని చెప్పాను. ఆయన తినడం ఆపి నా ముఖంలోకి చూశారు. "మా చెరువు చేపకు ధర రెండింతలు, అది వేరే సంగతి. మీ చేప రాకపోతే మాబోటి జీతగాళ్లకు రోజూ చేప ఎక్కడినుంచి వస్తుంది?" అన్నారు. ఆ వీధిలో చదువుకునే రోజులనుంచీ ఆయన ఇక్కడే తింటున్నారట. నెలాఖరులో చేతిలో డబ్బు లేనప్పుడు ఆకు, అన్నం, పప్పు మాత్రమే తీసుకుని లేచిపోయేవారట. "ఎవరూ ఏమీ అనేవారు కాదు. నేను తిననిదానికి నేనెందుకు డబ్బివ్వాలి? నా పక్కవాడు ఇలిష్ చేప తింటే వాడి లెక్క వాడిది" అన్నారు.

ఆ మాటతో నా కోపం సగం దిగింది. మన టోకెను భోజనంలో ఒక ముద్ద తినే ముసలమ్మా, మూడు వాయిలు తినే కుర్రవాడూ ఒకే డబ్బు ఇస్తారు. జేబులో అంత లేనివాడు మాత్రం గుమ్మం బయటే ఆగిపోతాడు. ఇక్కడ జేబులో ఉన్నంతవరకే తిని, ఆకు ముందు అందరితో సమానంగా కూర్చోవచ్చు. అయినా నిమ్మచెక్కకు డబ్బు తీసుకోవడం నాకు ఇప్పటికీ సమ్మతం కాదు. ఆయనతోనూ అదే చెప్పాను. ఆయన వాదించలేదు. తన పేటి ముక్కను ఆకు అంచున దాచిపెట్టుకుని, మిగతాదంతా అయ్యాక దాన్ని చివరికి తిన్నారు. ముళ్లు తీసే ఆయన వేళ్ల నేర్పు చూస్తూ, నా చట్నీ తినడం కూడా మరచిపోయాను. లేచేటప్పుడు వడ్డించిన పెద్దాయన కాగితం పెన్ను లేకుండానే, నేను తిన్నవన్నీ వరుసగా గుర్తుచేసుకుని గొంతెత్తి లెక్క చదివాడు: మొత్తం 321 రూపాయలు. నేను లోపల కూడుకున్న లెక్కా అదే.

మిగిలిన రెండు రోజుల్లో విక్టోరియా మెమోరియల్, ఇండియన్ మ్యూజియం, కాళీఘాట్ చూశాను. పార్క్ స్ట్రీట్‌లో చల్లని గదిలో పేరున్న చోట తిన్న భోజనానికి పన్నులతో కలిపి 1,400 అయింది గాని, ఆ వంట రుచి ఇప్పుడు గుర్తు చేసుకుందామన్నా రావడం లేదు. చివరి రోజు మళ్లీ అదే సందుకు వెళ్లి ఆవముద్దతో వండిన ఇలిష్ తిన్నాను. సముద్రంలో ఉన్నప్పుడు మనం ఇలస అనే ఆ చేపే వరద నీటికి గోదావరిలోకి ఎదురెక్కి పులస అవుతుంది. ఇలిష్, ఇలస అన్న పేర్లు ఇంత దగ్గరగా ఉన్న సంగతి ఆ ఆకు ముందు కూర్చునేదాకా నాకు తట్టలేదు. పుస్తెలమ్మి అయినా పులస తినమని మనవాళ్లు అంటారు. చింతపండు, బెండకాయలు వేసి మట్టిదాకలో ఉడికించి, మర్నాడు తినే మా అమ్మ చేతి పులుసుతో పోలిస్తే ఆవముద్ద కూర తేలికగా ఉంది. చేప రుచిని మాత్రం అది ఎక్కువగా బయటపెట్టింది. రెండింటిలో ఏది గొప్పదని అడిగితే పులుసనే అంటాను, అది నా నాలుక పుట్టిన చోటు కనుక. భోజనం చివర పెరుగన్నం లేని లోటు ఆ రోజూ తీరలేదు. సందు మొగలో మట్టి ముంతలో తియ్యపెరుగు కొనుక్కుని తిన్నాను గాని అది వేరే జాతి పదార్థం.

ఆ రాత్రి లాడ్జి గదిలోంచి నాన్నగారికి ఫోను చేశాను. అలవాటు ప్రకారం, "ఏరా, హౌరా ఎంతుంది?" అని అడిగారు. మార్కెట్టు రేటు చెప్పి, హోటల్లో ఒక్క ముక్క 130 అని చెప్పాను. కొంతసేపు మాట రాలేదు. "ఏ ముక్క?" అన్నారు. పొట్ట ముక్క అన్నాను. "ఎలా ఉందిరా?" 30 ఏళ్లుగా ఆ చేపను పెంచుతున్న మనిషి నన్ను ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. కొవ్వు వెన్నలా కరిగిందని, బురద వాసన లేనే లేదని, పక్కన కూర్చున్న ఒక పెద్దాయన పొట్ట ముక్కను చివరిదాకా దాచుకుని తిన్నారని చెప్పాను. "దాచుకుని తిన్నారా?" అని మళ్లీ అడిగారు. అవునన్నాను. వాళ్ల చెరువు చేపకు ధర రెండింతలన్న మాట మాత్రం చెప్పలేదు.