బాబాయి గిటారు

కోడంబాక్కం రికార్డింగ్ థియేటర్లలో మా బాబాయి ఏళ్ల తరబడి వాయించిన గిబ్సన్ ఎలక్ట్రిక్ గిటారును నిన్న వడపళనిలోని మా ఇంట్లో పెట్టెలోంచి తీసి, మధ్యాహ్నమంతా కూర్చుని శుభ్రం చేశాను.

దాని మీద ఉన్నది నైట్రోసెల్యులోజ్ లక్కర్ పూత. ఎంత పాతబడినా కొన్ని ద్రావకాలు తగిలితే అది మళ్లీ కరుగుతుంది కనుక స్పిరిట్, అసిటోన్ దాని దరిదాపులకు రాకూడదు. రబ్బరు తొడుగున్న స్టాండుకు ఆనించి వదిలేసినా పూత మెత్తబడి మచ్చపడుతుంది. చాలా ఏళ్ల క్రితం ఒక దుకాణంలో బాగుచేయమని ఇస్తే, స్పిరిట్ గుడ్డతో రుద్ది వెనుక వైపు అరచేయంత మేర మెరుపు పోగొట్టారు. ఆ చోటు చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ బాధే.

నేను మొదట బాబాయి పాత నూలు పంచె ముక్కతో, నోటి ఆవిరి పట్టించి, మెల్లగా తుడిచాను. మద్రాసు ఉక్కపోతలో ఆయన ముంజేయి ఆనిన చోట గట్టిపడిన చెమట జిడ్డు దానికి లొంగలేదు. అప్పుడు పొయ్యి ఆర్పి, కిటికీలన్నీ తెరిచి, జిడ్డును వదిలించినా ఈ పూతను కరిగించని పెట్రోలియం ద్రావకం నాఫ్తాను గుడ్డకు రెండు చుక్కలు అద్ది తుడిస్తే గుడ్డ టీ రంగుకు తిరిగింది. సన్నని నెర్రెలున్న చోట మాత్రం తడి లోపలికి దిగి చెక్కను చేరుతుందన్న భయంతో పొడిగుడ్డే వాడాను. సిలికాన్ పాలిష్ అసలు ముట్టలేదు, ఎందుకంటే అది పట్టిన చోట రేపు మరమ్మతు చేయాలన్నా కొత్త లక్కర్ సరిగా అంటుకోదు.

వయసుతో వచ్చిన తేనె పసుపును అలాగే ఉంచాను. మోచేయి రాసుకుని పూత అరిగిన అంచు దగ్గర చెక్క ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది.